గేమ్ బాక్సుకి ఫ్యాన్ కొనాలా, అలమర తలుపు తీయాలా?

మార్చి దాటిందంటే చాలు, గేములాడే పిల్లలున్న ఇళ్లల్లో ఒకటే పాట. "అమ్మా, బాక్సు కాలిపోతోంది, దానికో ఫ్యాన్ కొనవా?" వెనకాల తగిలించేవి, కింద స్టాండులా పెట్టేవి, ఆన్‌లైన్‌లో రకరకాలున్నాయి. మా అబ్బాయి అడగ్గానే వాళ్ల నాన్న సరేనన్నారు. నేను మాత్రం వద్దన్నాను. పిసినారితనం అనుకుంటే అనుకోండి గానీ, నా లెక్క నాకుంది.

మొదటి మోడల్ ప్లేస్టేషన్ 5 పెద్ద గేము ఆడుతున్నప్పుడు సుమారు 200 వాట్ల కరెంటు లాగుతుంది. ఆ కరెంటంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. అంటే పాతకాలం 100 వాట్ల బల్బులు రెండు వెలిగించి టీవీ అలమరలో పెట్టి తలుపేసినట్టన్నమాట. ఆ వేడిని తోసెయ్యడానికి లోపలే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉంది. ముందు వైపు నుంచి గాలి పీల్చి వెనక నుంచి వదులుతుంది. వేడిని బట్టి వేగం కూడా అదే మార్చుకుంటుంది.

మరి బయటి ఫ్యాన్ కొత్తగా చేసేదేమిటి? ఫ్యాన్ గాలిని కదిలిస్తుందే గానీ చల్లబరచదు. మనకి దాని కింద హాయిగా ఉండేది చెమట ఆరుతుంది కాబట్టి. బాక్సుకి చెమట పట్టదు కదా! గదిలో 38 డిగ్రీలుంటే దానికి అందేది ఆ 38 డిగ్రీల గాలే. పైగా వెనక తగిలించింది లోపలిదానికన్నా బలహీనమైతే, వేడిగాలి దారికి అడ్డం కూడాను.

లోపం యంత్రంలోనే ఉంటే ఇక చెప్పేదేముంది? ఎక్స్‌బాక్స్ 360లు ఎర్రలైట్లు వెలిగి ఆగిపోతుంటే, 2007లో మైక్రోసాఫ్ట్ వారంటీని మూడేళ్లకు పెంచి, ఆ ఖర్చుకని 100 కోట్ల డాలర్లకు పైనే పక్కన పెట్టాల్సి వచ్చింది. అది పై నుంచి విసిరితే తీరే జబ్బు కాదు.

అసలెక్కడా పనికిరాదని మాత్రం అనను. అలమర తప్ప వేరే చోటు లేని ఇంట్లో వెనక చెక్కకి రంధ్రం కోయించి, వేడిగాలిని బయటికి లాగే ఫ్యాన్ పెడితే మేలే. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ చేసే పనే అది. గాలికి దారుంటేనే ఫ్యాన్‌కి పని.

ఆ దారి ఇవ్వడానికి పైసా ఖర్చు లేదు. బాక్సుని అలమర లోంచి బయటికి తియ్యండి. మీద కప్పిన లేసు గుడ్డ తీసెయ్యండి. ఫ్రిజ్‌ని గోడకి ఆనించం కదా, దీనికీ ఓ జానెడు ఎడం ఉంచండి. ఇక దుమ్ము సంగతి. 2020లో సోనీ వాళ్లే ప్లేస్టేషన్ 5ని విప్పి చూపించిన వీడియోలో, దుమ్ము చేరడానికి విడిగా చోటు, వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగడానికి రంధ్రాలు ఉన్నాయి. ప్లగ్గు పీకేసి అప్పుడప్పుడూ ఆ పని చేస్తే చాలు. ఇల్లంతా దులిపే మనకి అదో లెక్కా?

ఇంకో మాట. గది వేడి 5 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని ఆ బాక్సుతో వచ్చే పుస్తకంలోనే రాసుంది. మే నెల మధ్యాహ్నం బెజవాడలో పై అంతస్తు ఇళ్లల్లో ఏసీ లేకుండా 35 ఎక్కడుంటుంది? కాబట్టి ఆ వేళ ఆట బంద్, సాయంత్రం చల్లబడ్డాకే. ఇది అమ్మ పెట్టిన రూలు కాదు, తయారుచేసినవాళ్లు రాసిందే అని చెబితే మా వాడు నోరెత్తలేదు.

పిల్లలు అడిగింది కొనివ్వడం ప్రేమే, కాదనను. కానీ అది ఎందుకు వేడెక్కుతోందో వాళ్ల పక్కన కూర్చుని చూడటం అంతకన్నా ఎక్కువ కాలం పనికొస్తుంది. రేపు ఫ్రిజ్ వేడెక్కినా, ల్యాప్‌టాప్ వేడెక్కినా, బజారుకి పరిగెత్తేముందు దాని వెనక్కి వెళ్లి ఓసారి చెయ్యి పెట్టి చూస్తారు.