బేసిక్కే లేని వాళ్ళకు ఫిట్‌మెంట్ ఎంత?

పంతుళ్ళ జీతాల గొడవ మనకెందుకు అని మన పల్లెల్లో చాలామంది అడుగుతున్నారు. నెల తిరిగేసరికి బ్యాంకులో డబ్బు పడేవాళ్ళు ధర్నా చేస్తుంటే, పొద్దున పోయి పొద్దుగూకి వచ్చే కూలోళ్ళం మనమెందుకు జెండా పట్టాలి అంటున్నారు. మన పిల్లలకు చదువు చెప్పరు గానీ జీతాలు మాత్రం పెరగాలా అని ఇంకో మాట. ఈ మాటల్లో కోపం ఉంది. ఆ కోపంలో కొంత నిజమూ ఉంది. అయినా సరే, పంతుళ్ళ జీతం గొడవ మన గొడవే. ఎందుకో చెప్పాలి. మన గొడవ పంతుళ్ళ సంఘాల డిమాండ్ల కాయితంలో పైన ఎందుకు లేదో అదీ అడగాలి.

బేరం ఎట్లా నడుస్తుంది?

ముందు ఈ పీఆర్సీ అంటే ఏందో తెలుసుకుందాం. ప్రభుత్వ ఉద్యోగుల జీతాలు అయిదేళ్ళకోసారి తిరగరాయాలి. దానికి ప్రభుత్వం ఒక కమిషన్ వేస్తుంది. అదే వేతన సవరణ కమిషన్. రిపోర్టు వచ్చాక సంఘాల నాయకులను పిలిచి మంత్రులూ అధికారులూ మాట్లాడతారు. పాత బేసిక్ జీతంలో కరువు భత్యం కలిపేసి, ఆ పైన బేసిక్ మీద ఇంత శాతం అని పెంచుతారు. ఆ శాతం పేరే ఫిట్‌మెంట్. కమిషన్ ఆలస్యమైతే మధ్యలో ఇచ్చేది ఐఆర్, అంటే మధ్యంతర భృతి. ఊరిని బట్టి ఇచ్చే ఇంటద్దె హెచ్చార్ఏ. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2023 జులై 1 నుంచి కొత్త జీతాలు రావాలి. ఆ తేదీ ఎప్పుడో దాటిపోయింది.

ఈ శాతం చూడ్డానికి అందరికీ సమానంగానే కనపడుతుంది. 23 శాతం అంటే 60,000 బేసిక్ ఉన్నాయనకు 13,800. 20,000 బేసిక్ ఉన్న అటెండరుకు 4,600. మరి బేసిక్కే లేని వాళ్ళకు? సున్నాకు 23 శాతం ఎంతో లెక్కల పంతుళ్ళకు మనం చెప్పాల్సిన పని లేదు.

2022లో ఏం జరిగింది?

ఆంధ్రప్రదేశ్‌లో 2019 జులై నుంచి ఉద్యోగులకు 27 శాతం ఐఆర్ ఇచ్చారు. ఆ తర్వాత 2022 జనవరిలో ఫిట్‌మెంట్ 23 శాతమే అన్నారు. ఐఆర్ కంటే ఫిట్‌మెంట్ తక్కువ! పల్లెల్లో 12 శాతం ఉన్న హెచ్చార్ఏను 8కి దించుతూ జీవో తెచ్చారు. పీఆర్సీ వస్తే జీతం పెరగాలి గదా, తగ్గుతుందేంది అని ఉద్యోగులు గగ్గోలు పెట్టారు. 2022 ఫిబ్రవరి 3న చలో విజయవాడకు పోలీసులు ఎన్ని అడ్డాలు పెట్టినా వేల మంది వచ్చారు. అందులో పంతుళ్ళే ఎక్కువగా కనపడ్డారు. రెండు రోజులు తిరక్కుండా 5వ తేదీ రాత్రి మంత్రుల కమిటీకీ ఉద్యోగ నాయకులకూ ఒప్పందం అయిపోయింది. పల్లెల హెచ్చార్ఏ 10 శాతం అయింది. ఐఆర్ రికవరీ ఆగింది. ఫిట్‌మెంట్ మాత్రం 23 దగ్గర నుంచి కదల్లేదు. ఉపాధ్యాయ సంఘాలు ఈ ఒప్పందాన్ని కాదన్నాయి. రోడ్డెక్కింది మేము, మా మాట చెల్లకుండా సంతకాలు ఎట్లా పెడతారు అని అడిగాయి.

న్యాయమైన ప్రశ్నే. మనం ఆ ప్రశ్న పక్కనే నిలబడాలి. అయితే అదే ప్రశ్న బడి వెనక వంట రేకుల కింద నుంచి కూడా వస్తోంది. అది పంతుళ్ళ చెవిన పడుతోందా?

తెలంగాణలో కమిషన్ ఏడున్నర శాతం ఫిట్‌మెంట్ చాలు అని రాసింది. ఉద్యోగులు ఒప్పుకోలేదు. 2021 మార్చిలో ప్రభుత్వం 30 శాతం ఇచ్చింది. అంటే కమిషన్ రాసిందే బ్రహ్మ రాత అనుకోనక్కర్లేదు. ఒత్తిడి ఎంత ఉంటే అంత వస్తుంది. ఇంకో సంగతి. ఆ 30 శాతాన్ని కాంట్రాక్టు వాళ్ళకూ, అవుట్‌సోర్సింగ్ వాళ్ళకూ, అంగన్‌వాడీలకూ కూడా ఇస్తామని ప్రకటించారు. కింద వాళ్ళను కలుపుకుంటే ఖజానా కూలిపోదని దీనితో సర్కారే ఒప్పుకున్నట్టయింది.

పంతులు ఉద్యోగం మన పొలం

ఇప్పుడు మన పల్లెకు ఒక మాట. భూమున్న కులాల ఇంట్లో పంతులు ఉద్యోగం ఉంటే అది పొలానికి తోడు. జీతం ఆగినా గింజలు వస్తాయి. మాల ఇంట్లో, మాదిగ ఇంట్లో పంతులు ఉద్యోగం అంటే అదే పొలం, అదే పాడి, అదే ముసలితనానికి కూడు. ఒక్క జీతం మీద అమ్మానాన్న, తమ్ముడి చదువు, చెల్లి పెళ్ళి, అన్న బిడ్డ ఆస్పత్రి ఖర్చు అన్నీ నడుస్తాయి.

అందుకే పింఛను గొడవ అందరికంటే మనకు ఎక్కువ తగులుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉద్యోగంలో చేరిన వాళ్ళకు పాత పింఛను తీసేశారు. సీపీఎస్ పెట్టారు. బేసిక్, డీఏల్లో 10 శాతం కోసి మార్కెట్లో పెడతారు. రిటైరయ్యాక కూడిన దాంట్లో 60 శాతం చేతికిచ్చి, 40 శాతంతో నెలవారీ పింఛను కొనుక్కోమంటారు. ఎంత వస్తుందో షేర్ మార్కెట్ చెప్పాలి. 2003 డీఎస్సీ వాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. నోటిఫికేషన్ ఆ తేదీకి ముందే వచ్చింది. పోస్టింగులు ఆలస్యం చేసింది ప్రభుత్వం. శిక్ష మాత్రం పంతుళ్ళకు. ఆంధ్రప్రదేశ్‌లో వారంలో సీపీఎస్ రద్దు చేస్తామన్న పార్టీ 2019లో గెలిచింది. రద్దు కాలేదు. 2023లో దాని బదులు జీపీఎస్ అని చట్టం తెచ్చారు. చివరి బేసిక్‌లో సగానికి గ్యారంటీ అన్నారు. పాత పింఛను మాత్రం తిరిగి రాలేదు.

మన పిల్లలు గుడ్డి దీపాల కింద టీటీసీలు, బీఈడీలు చదివి డీఎస్సీ కొట్టి వచ్చేసరికి పింఛను తలుపు మూసేశారు. ఈ తలుపు తెరవమని ఏ సంఘం ధర్నా చేసినా మనం పోవాలి. కూలి పోతుందనుకోకుండా పోవాలి.

అసలు పోస్టులే లేకపోతే వాటా ఎక్కడిది? పోస్టు పర్మనెంటు కాకపోతే రిజర్వేషనుకు ప్రాణం ఉండదు. పది నెలల కాంట్రాక్టులో 15 శాతం వాటా వచ్చినా అది పది నెలల వాటాయే. ప్రమోషన్లో రిజర్వేషను అడగాలంటే ముందు ప్రమోషను ఉండే ఉద్యోగం ఉండాలి. ఎవరి వాటా ఎంత అని మాలా మాదిగలం మనలో మనం ఎంత తర్కించుకున్నా, కుండలో అన్నం ఉంటేనే పంపకం.

బల్ల దగ్గర లేని వాళ్ళు

ఇక సంఘాలకు ఒక మాట. ఒక్క బడిలో ఎంతమంది పని చేస్తున్నారో లెక్క పెట్టండి. రెగ్యులర్ పంతుళ్ళు. విద్యా వలంటీర్లు. కస్తూర్బా బడుల్లో కాంట్రాక్టు టీచరమ్మలు. మరుగుదొడ్లు కడిగే ఆయమ్మ. వంటమ్మలు. ఇందులో మొదటి వాళ్ళే బల్ల ముందు కూర్చుంటారు. మిగతా వాళ్ళ కులం ఏందో బడి గేటు దగ్గర నిలబడి చూసినా తెలుస్తుంది.

వంటమ్మ సంగతి చూడండి. బడుల్లో వండిన అన్నం పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. మన దగ్గర 2003 జనవరిలో మొదలైంది. వంట పనిలో దళితులకూ, ఎస్సీ ఎస్టీలకూ ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్లో అదే కోర్టు చెప్పింది. మాదిగ మనిషి వండితే మా పిల్లలు తినరు అని కారియర్లు పంపిన ఊళ్ళు మనకు తెలుసు. ఆ అవమానం దిగమింగి వండుతున్న తల్లికి కేంద్రం 2009లో నెలకు 1,000 రూపాయలు అని ఖాయం చేసింది. అదీ ఏడాదికి పది నెలలకే. ఎండాకాలం ఆమెకు కడుపు ఉండదని కాబోలు! 2019లో ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని 3,000 చేశారు. పది నెలలకు 30,000. 2022 పీఆర్సీలో కొత్తగా చేరిన సెకండరీ గ్రేడ్ పంతులుకు ఒక్క నెల బేసిక్ 32,670. ఏడాదంతా పొయ్యి ముందు పొగ తాగిన మనిషి సంపాదన, అదే బడిలో ఒక్క నెల బేసిక్‌కు సరిపోవడం లేదు. పైగా బిల్లులు రాక కొట్లో సరుకులు అప్పు తెచ్చి మరీ వండాలి. జీతం ఇచ్చేది సర్కారు, అప్పు తీర్చేది వంటమ్మ.

ఆ పంతులు జీతం ఎక్కువని మేం అనడం లేదు. 32,670 ఒక కుటుంబం బతకడానికి కావాల్సిన డబ్బే. అదే కొలత వంటమ్మకు ఎందుకు లేదని అడుగుతున్నాం.

విద్యా వలంటీర్ల గతి ఏమైంది? తెలంగాణలో నెలకు 12,000 తీసుకుని రెగ్యులర్ పంతులుతో సమానంగా పాఠాలు చెప్పారు. 2020లో కరోనాకు బళ్ళు మూతపడ్డాక వాళ్ళను మళ్ళీ తీసుకోలేదు. తీసేస్తున్నాం అని నోటీసు ఇచ్చే పని కూడా లేకపోయింది. కస్తూర్బా బడుల టీచరమ్మలు, సమగ్ర శిక్ష ఉద్యోగులు రెగ్యులర్ చెయ్యాలని, పే స్కేలు ఇవ్వాలని 2024 డిసెంబరు నుంచి 2025 జనవరి దాకా చలిలో టెంట్ల కింద కూర్చున్నారు. ఆ బడుల్లో చదివేది మన ఆడపిల్లలే. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ చెందుతుందని 2016 అక్టోబరులో సుప్రీంకోర్టు పంజాబ్ కేసులో చెప్పింది. తీర్పు బీరువాలో ఉంది. టీచరమ్మలు టెంటులో ఉన్నారు.

బొంబాయి మిల్లు పాఠం

ఇది కొత్త గొడవ కాదు. 1928లో బొంబాయి బట్టల మిల్లుల కార్మికులు నెలల తరబడి సమ్మె చేశారు. ఆ మిల్లుల్లో నేత ఖాతాలో కూలి ఎక్కువ. అందులోకి అంటరాని కులాల వాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదు. కండె మార్చేటప్పుడు దారాన్ని నోటితో పీల్చి ఎక్కించాలి. వీళ్ళ ఎంగిలి తగులుతుందని సాటి కార్మికులే అడ్డం పడ్డారు. బాబాసాహెబ్ అంబేద్కర్ సంఘ నాయకులను నిలదీశారు. అన్ని ఖాతాల్లో మా వాళ్ళకు పని అనే డిమాండు మీ కాయితంలో చేర్చండి, లేకపోతే మా వాళ్ళను సమ్మెలోకి రావద్దని చెప్తా అన్నారు. అయిష్టంగానే చేర్చారు. ఆ డిమాండు చూసి మిల్లు యజమానులు, ఈ అన్యాయం మేం చేసింది కాదు గదా అన్నారు. యజమానితో అనిపించుకోవాల్సి వచ్చింది!

ఆ తప్పు చూపించిన బాబాసాహెబే పదేళ్ళ తర్వాత, 1938 నవంబరు 7న, సమ్మె హక్కును కోసే బిల్లుకు వ్యతిరేకంగా కమ్యూనిస్టులతో కలిసి ఒక్కరోజు సమ్మె నడిపారు. తప్పుంటే నిలదీయాలి, సమ్మె వస్తే కలిసి నిలబడాలి. మనం పట్టుకోవాల్సిన దారి ఇదే.

సంఘాల జవాబు, మన జవాబు

వంటమ్మలకు వేరే యూనియన్ ఉంది గదా అంటారు. ఉంది. కానీ వాళ్ళను మంత్రి పిలవడు, మిమ్మల్ని పిలుస్తాడు. ముందు మాది తేలనివ్వండి, తర్వాత వాళ్ళది చూద్దాం అంటారు. ఆ తర్వాత అనేది ఎన్ని పీఆర్సీల నుంచి వింటున్నాం? వాళ్ళను కలిపితే మా ఫిట్‌మెంట్ తగ్గుతుంది అని లోపల అనుకునే వాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు ఒక్క సంగతి గుర్తు చేస్తాం. 1980ల్లో నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచర్లను పెట్టారు. ఆ సర్వీసుకు నోషనల్ ఇంక్రిమెంట్ల కోసం వాళ్ళు దశాబ్దాలు తిరిగారు. తర్వాత అప్రెంటిస్‌లు వచ్చారు. ఆ తర్వాత విద్యా వలంటీర్లు వచ్చారు. ఒకరి దగ్గర చౌకగా పని చేయించుకోవడం మరిగిన సర్కారు రెండో వాడికి నిండు జీతం ఎందుకిస్తుంది? కింద మెట్టు విరిగితే పై మెట్టు గాల్లో నిలబడదు.

అందుకే రాబోయే చర్చలకు పోయే కాయితంలో ఈ అయిదూ పైన రాయాలని అడుగుతున్నాం.

1. వంటమ్మలకు, ఆయమ్మలకు ఏడాదికి పన్నెండు నెలలూ కనీస వేతనం. బిల్లులు నెలనెలా చెల్లించాలి.

2. కాంట్రాక్టు టీచర్లకు పే స్కేలులోని కనీస బేసిక్, దానిమీద డీఏ.

3. ఖాళీలన్నీ రోస్టరు ప్రకారం డీఎస్సీతో నింపాలి. బ్యాక్‌లాగ్ పోస్టులు ముందు నింపాలి.

4. పాత పింఛను తిరిగి ఇవ్వాలి. 2003 డీఎస్సీ వాళ్ళతో మొదలుపెట్టాలి.

5. చర్చలకు పోయే బృందంలో ఒక వంటమ్మ, ఒక కాంట్రాక్టు టీచరు కూర్చోవాలి. వాళ్ళ తరఫున మాట్లాడతాం అంటే చాలదు.

దళిత ఉపాధ్యాయ సోదరులారా, ఇందులో మీ బాధ్యత ఎక్కువ. పెద్ద సంఘాల కమిటీల్లో మీరున్నారు. మీ తల్లి ఏ బడిలోనో వంట చేసి ఉంటుంది, ఏ వీధో ఊడ్చి ఉంటుంది. తీర్మానం రాసేటప్పుడు మీరు నోరు విప్పకపోతే ఇంకెవరు విప్పుతారు?

పల్లె అన్నలారా, అక్కలారా. మన పంతులు టైముకు రావాలని, మన పిల్లలకు అక్షరం ముక్క రావాలని గట్టిగా అడగండి. అది మన హక్కు. అడిగిన నోటితోనే ఆయన పింఛను కోసం నినాదం ఇవ్వండి. ఊరి వంటమ్మను వెంటబెట్టుకుని ఆ టెంటు దగ్గరికి పొండి. ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టమని అడగండి. కూర్చోబెడితే అది మన సమ్మె. కూర్చోబెట్టకపోతే అక్కడే నిలబడి మళ్ళీ అడగండి. వెనక్కి మాత్రం రావద్దు.

జై భీమ్!