మహావీరుడెవడు?

చలనచిత్రములలో ఆకాశమున నెగురువాడు, కొండల నెత్తువాడు, అగ్నిలో దూకియు కాలనివాడు కనబడగానే మనము వానిని మహావీరుడని పిలుచుచున్నాము. ఆ పేరు వానికి తగునా? బలమే వీరత్వమైనచో మదపుటేనుగును మించిన వీరుడు లోకమున నుండడు. మన ఆలంకారికులు వీరులను యుద్ధవీరుడు, దానవీరుడు, దయావీరుడు, ధర్మవీరుడు అని నాలుగు విధములుగా చెప్పిరి. వీరిలో బాహుబలము తప్పక కావలసినవాడు మొదటివాడొక్కడే. తక్కిన మువ్వురికిని కావలసినది మనోబలము. కథ తెరకెక్కునపుడు మొదటివాడు మాత్రము నిలిచి తక్కినవారు జారిపోవుట తఱచు. ఆ నలుగురిని నిలుపుకొన్న చిత్రమే గొప్పదని నా యభిప్రాయము.

ఇందుకు మన తెలుగు చిత్రములలోనే చక్కని నిదర్శనము కలదు. విజయా సంస్థవారి ‘పాతాళభైరవి’ 1951లోను, ‘మాయాబజార్’ 1957లోను వెలువడినవి. మొదటిదానికి కాశీమజిలీ కథలు ఆధారము. రెండవది శశిరేఖా పరిణయ గాథ. వ్యాసభారతమున లేకున్నను జనులు తరతరములుగా చెప్పుకొనిన కథ. రెండింటికిని దర్శకుడు కె.వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు. ఒకదానిలో నేపాళ మాంత్రికుడుగను, మఱియొకదానిలో ఘటోత్కచుడుగను నటించినవాడు ఎస్.వి. రంగారావు. అదే నిండు విగ్రహము, అదే గంభీర కంఠము, ఇద్దఱికిని మాయాశక్తియు కలదు. అయినను ఒకనిని చూచి జంకుదుము, ఒకనిని చూచి మురియుదుము. కారణమేమి?

మాంత్రికుడు శక్తిని కోరినది తనకొఱకు. దానికై సాహసవంతుడగు యువకుని బలియియ్యజూచెను. ఘటోత్కచుడు తనకొఱకేమియు కోరలేదు. పాండవులు రాజ్యము కోల్పోగానే బలరామదంపతులు అభిమన్యునకు శశిరేఖ నిత్తుమన్న మాట తప్పి కౌరవులతో వియ్యమునకు సిద్ధపడిరి. ఆ మాటను నిలుపుటకే అతడు మాయను ప్రయోగించెను. కౌరవులను నవ్వులపాలు చేసెనేగాని ప్రాణములు తీయలేదు. అడవిలో తెలియక అభిమన్యునితో పోరాడినను, అతడు తమ్ముడని తెలిసినంతనే పినతల్లి సుభద్రకు తలవంచెను. బలవంతుడు తలవంచుట బలహీనత కాదు. అది బలమునకు కట్టిన గట్టు. గట్టు తెగిన చెఱువు ఊరిని ముంచును. గట్టున్న చెఱువు పైరును పండించును.

పాతాళభైరవి ప్రతిమ సంగతియు నట్టిదే. తోటరాముని చేత నున్నప్పుడు అది అతనికి మేడను, సిరిని ఇచ్చినది. మాంత్రికుని చేతబడగానే రాకుమారిని అపహరించుటకు తోడ్పడినది. ప్రతిమ మాఱలేదు, పట్టిన చేయి మాఱినది.

అన్యదేశీయుల కథలును ఇదియే చెప్పుచున్నవి. అమెరికాలో 1962లో బొమ్మల కథగా పుట్టి, 2002లో పెద్ద చలనచిత్రమైన ‘స్పైడర్ మ్యాన్’ తొలుత తన శక్తిని ధనార్జనకు వాడజూచెను. పట్టగలిగియు ఒక దొంగను పోనిచ్చెను. దాని ఫలముగా తన్ను పెంచిన పెద్దదిక్కును కోల్పోయెను. ఆ దుఃఖమునుండియే వీరుడు పుట్టెను. 2024లో వచ్చిన తెలుగు చిత్రము ‘హను-మాన్’లో ప్రతినాయకుడు మహావీరుడు కావలెనను పేరాశతో బాల్యముననే తల్లిదండ్రులను చంపినవాడు. వీరుడనిపించుకొనవలెనను కోరిక వీరత్వము కాదని ఆ పాత్ర తెలుపుచున్నది.

అద్భుతము లేనిచో బాలురు చిత్రమును చూతురా యని కొందఱందురు. అద్భుతము ఉండవలసినదే. మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణ చాతుర్యమున లడ్లు తామే యెగిరి ఘటోత్కచుని నోటబడు దృశ్యము నేటికిని నవ్వించును. కాని అద్భుతము కన్నులకు విందు; ధర్మము హృదయమునకు అన్నము. విందు ఒకపూట, అన్నము నిత్యము.

విద్యార్థులారా! మేడిపల్లి నుండి ఉప్పలు పోయి చిత్రమును చూచి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ వీరుడు ఎవరికొఱకు పోరాడెను? శక్తి యుండియు ఎచ్చట చేయి నాపుకొనెను? ఆ శక్తియే లేకున్నను ఆ మేలునకు పూనుకొనియుండునా? తరగతిలో నొక బీద బాలుని అందఱును హేళన చేయుచుండగా లేచి వాని ప్రక్కన నిలిచినవానికి ఱెక్కలు లేవు, మణులు లేవు. అయినను మన పెద్దలు చెప్పిన నలుగురు వీరులలో దయావీరుడు వాడే.