బి.పి. మాత్ర, నొప్పి మాత్ర: రెండు చీటీలూ ఒకే డాక్టరుకు చూపించండి



ఖిలా వరంగల్, శివనగర్ వైపు నుండి వచ్చే పెద్దల చేతిలో తరచుగా రెండు చీటీలుంటాయి. ఒకటి బి.పి.కి, రెండవది నొప్పికి. ఒక డాక్టరు రాసింది మరొకరికి తెలియదు. ఇది చిన్న విషయం కాదని మా అభిప్రాయం.

ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్, డిల్టియాజెమ్, వెరాపమిల్ ఒకే కోవకు చెందిన మందులు. ఇవి గుండె, రక్తనాళాల కండరాల్లోకి కాల్షియం ఎక్కువగా పోకుండా ఆపుతాయి. అందువల్ల నాళాలు వదులై బి.పి. తగ్గుతుంది. ట్రమడాల్, మార్ఫిన్, ఫెంటానిల్ పట్టీ నల్లమందు తరహావి. ఇవి కూడా నరాల కొసల్లో కాల్షియం రాకను తగ్గించి, నొప్పి కబురు మెదడుకు చేరకుండా చూస్తాయి.

ఈ రెండు రకాలు కలిసినప్పుడు మూడు సంగతులు గమనించాలి. ఒకటి, బి.పి. మరీ తగ్గి, మంచం దిగగానే కళ్లు తిరగవచ్చు. రెండు, మలబద్ధకం. నొప్పి మందుతో అది ఎలాగూ వస్తుంది, వెరాపమిల్ తోడైతే ఇంకా పెరుగుతుంది. మూడవది అన్నిటికన్నా ముఖ్యం. ఫెంటానిల్‌ను కాలేయంలోని ఒక ఎంజైము విరగగొడుతుంది. డిల్టియాజెమ్, వెరాపమిల్ ఆ ఎంజైమును మందగింపజేస్తాయి. అప్పుడు ఫెంటానిల్ ఒంట్లో పేరుకొని మత్తు ఎక్కువై, శ్వాస నెమ్మదిస్తుంది. ఆమ్లోడిపిన్‌కు ఈ గుణం చాలా తక్కువ. మార్ఫిన్ విరిగే దారి వేరు.

ఇది చదివి ఏ మాత్రనూ సొంతంగా మానకండి. బి.పి. మాత్ర ఆపితే పక్షవాతం భయం. మార్ఫిన్‌కు భయపడి క్యాన్సర్ నొప్పితో రాత్రంతా మూలగడమూ సరికాదు. బాధ ఓర్చుకోవడమే భక్తి అనే మాటను మేము ఒప్పుకోము. సువార్త రాసిన లూకా వైద్యుడే కదా! రోగులకు మార్ఫిన్ సులువుగా అందాలనే 2014లో చట్టాన్ని సవరించారు. ట్రమడాల్‌ను 2018లో అదే చట్టం కిందికి తెచ్చారు. కాబట్టి తెలిసిన షాపని చీటీ లేకుండా అడగవద్దు.

మేము కోరేది ఒక్కటే. ఇంట్లోని మందులన్నీ, పట్టీలతో సహా, ఒక సంచిలో వేసుకుని రండి. డాక్టరు అడగకపోయినా మీరే చూపించండి. మోతాదు తగ్గించాలో, మందు మార్చాలో ఆయన చూస్తారు. పిలిచినా లేవకుండా, శ్వాస నెమ్మదిగా ఉంటే తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ప్రభువు మీ ఇంటిల్లిపాదికి ఆరోగ్యము దయచేయును గాక.