ఎక్స్‌ని ‘కొట్టేయడం’



మీ ఎనిమిదో తరగతి పిల్లల లెక్కల నోట్‌బుక్‌లో ఈ తప్పు చూసే ఉంటారు. పైన ఎక్స్ ప్లస్ 6, కింద ఎక్స్. రెండు ఎక్స్‌లూ కొట్టేసి 6 అని రాస్తారు. అజాగ్రత్త అని తిట్టకండి. తప్పు ‘కొట్టేయడం’ అనే మా మాటలోనే ఉంది. సిలబస్ తొందరలో నేనూ అదే అంటాను. నిజానికి అది భాగహారం. కింది ఎక్స్‌తో పైనున్న 6ని కూడా భాగించాలి కదా!

షార్ట్‌కట్ చెప్పే బదులు, ఎక్స్ స్థానంలో 2 పెట్టి చూడమనండి. 8 బై 2 అంటే 4. మరి 6 ఎలా వచ్చింది?

1 బై ఎక్స్‌కి 1 బై 2 కలపమంటే పైవి పైన, కిందివి కింద కూడేస్తారు. అక్కడా 2 పెడితే, అరా అరా కలిసి మళ్లీ అరే! ఇలా సరిచూసుకుంటూ రెండు లెక్కలు తక్కువ చేసుకొచ్చినా నాకు ఇష్టమే.