పట్టుచీర లాంటిదే కారు రంగూ!

పట్టుచీరని ఎవరైనా చాకిరేవు సోడా వేసి బండకేసి బాదుతారా? అడిగితేనే మనకి నవ్వొస్తుంది. కానీ నేను మా కారుకి అచ్చం అలాంటి పనే చేశాను. తప్పు చేసింది నేను, మాట పడింది మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. ఈ సంగతి చదివి మీలో ఒక్కరు జాగ్రత్తపడినా చాలునని ఈ వారం రాస్తున్నాను.

ఏళ్ల తరబడి చీటీలు కట్టి కొనుక్కున్న కారు మాది. ముదురు నీలం రంగు. వాచ్‌మన్ ఆదివారం ఆదివారం కార్ల షాంపూతో కడిగేవాడు. ఆ పలచటి నురగ చూస్తే నాకు తృప్తిగా ఉండేది కాదు. ఓరోజు నేనే బకెట్లో గుప్పెడు బట్టల పౌడరు, రెండు చెంచాల వంటసోడా వేసి, మెరుపు కోసమని నిమ్మకాయ కూడా పిండి ఇచ్చాను. "షాంపూ ఉంది కదమ్మా, ఇదెందుకు?" అన్నాడు పాపం. "చెప్పినట్టు చెయ్యి" అన్నాను.

రెండు నెలలు తిరిగేసరికి ఎండలో చూద్దుము కదా, బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు! మావారు వాచ్‌మన్‌ని నలుగురిలో కేకలేశారు. అతనికిచ్చే డబ్బులో 500 రూపాయలు కోత పెట్టారు. నేను పక్కనే ఉండి కూడా నోరు విప్పలేదు.

సంక్రాంతికి మా తమ్ముడొచ్చాడు. వాడికి కార్లకు రంగులు వేసే షెడ్డుంది. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "అక్కా, దీన్ని దేంతో కడుగుతున్నారు?" అన్నాడు. చెప్పాను. తల పట్టుకున్నాడు.

వాడు చెప్పిందేమిటంటే, కారు రంగు మీద గాజులా మెరిసే పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లే. అంటే మన తలవెంట్రుక కంటే కూడా పలచన! ఆ గీతలన్నీ ఆ పొర మీద పడ్డవే. రోడ్డు దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది. గుడ్డతో అదిమి రుద్దితే అది గరుకు కాగితంలా గీసేస్తుంది. అందుకని కారు కడిగే నీళ్లకు కావలసింది ఘాటు కాదు, జారుడుగుణం. బకెట్లో ఏది కలపాలన్నా ముందు, "ఇది గుడ్డని జారనిస్తుందా, లేదా?" అని ఆలోచించుకుంటే చాలు.

కలపకూడనివి

బట్టల పౌడరులో క్షారం ఎక్కువ. మైనం పూత ఉంటే ఊడ్చేస్తుంది. కరగకుండా మిగిలిన పలుకులు రంగుని గీస్తాయి. వంటసోడా పలుకులూ అంతే. పైగా నేను సోడాలో నిమ్మరసం పిండాను. ఆ రెండూ కలిస్తే బుసబుసా పొంగి ఒకదాని గుణాన్ని ఒకటి చంపుకుంటాయి. గిన్నెలు తోమే లిక్విడ్ జిడ్డు తీయడానికి చేసింది కాబట్టి మైనాన్ని కూడా తీసేస్తుంది. కిరోసిన్ నాలుగు చుక్కలు వేస్తే మెరుస్తుందంటారు. ఆ మెరుపు పూటలో పోతుంది, జిడ్డుకి దుమ్ము పట్టుకుంటుంది, రబ్బరు పట్టీలు పాడవుతాయి.

బట్టలు మెత్తబడటానికి వాడే కండిషనర్, తలకి రాసే కండిషనర్ కూడా వద్దు. బట్టల కండిషనర్‌ని మనం ఆఖరి నీళ్లలోనే వేస్తాం కదా? సబ్బుతో కలిస్తే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని పనికిరాకుండా పోతాయి కాబట్టే. కారు బకెట్లోనూ అంతే జరుగుతుంది, అద్దాల మీద మసక మిగులుతుంది. కుంకుడు రసం వాడొచ్చా అంటారేమో. నురగ వస్తుంది గానీ పిప్పి, పెచ్చులు మిగిలితే గీతలే. దాన్ని పట్టుచీరలకే ఉంచుకోండి. ఇక బ్లీచింగ్, యాసిడ్ల జోలికే వెళ్లకండి. ఆ రెండూ కలిస్తే వచ్చేది విషవాయువు.

కలపదగినది

ముందు కార్ల కోసమే చేసిన షాంపూ తీసుకోండి. సీసా మీద రాసిన కొలతే వేయండి. ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రం కాదు, కడగడానికి నీళ్లు దండగ. దుమ్ము బాగా పట్టే రోడ్డు పక్క ఇళ్లవాళ్లు 'రిన్స్‌లెస్ వాష్' అని దొరికే ద్రవాన్ని తోడుగా వాడుకోవచ్చు. అందులోని పాలిమర్లు దుమ్ము రేణువుల్ని చుట్టేసి, గుడ్డ జారేటట్టు చేస్తాయి. వీటిలో కొన్నిటి కొలత 4 లీటర్ల నీటికి 15 మి.లీ. అయితే అన్ని షాంపూలకూ ఇది పొసగదు. ముందు గాజు గ్లాసులో షాంపూ నీళ్లు పోసి, నాలుగు చుక్కలు వేసి చూడండి. పాలు విరిగినట్టయితే కలపొద్దు. విరగకపోతే తలుపు అడుగున చిన్నచోట ప్రయత్నించి, మరక లేదనుకున్నాకే మిగతా కారుకి వాడండి.

కడిగే పద్ధతి

ఎండలో కడగొద్దు. బానెట్ చల్లగా ఉండాలి. ముందు వట్టి నీళ్లతో మట్టి వదిలించండి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదాంట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో మామూలు నీళ్లు. మైక్రోఫైబర్ గుడ్డతో పైకప్పు నుంచి మొదలుపెట్టి కిందికి రండి. గుండ్రంగా తిప్పకుండా నిలువుగా, మెల్లగా లాగండి. ప్రతిసారీ గుడ్డని మామూలు నీళ్లలో జాడించాకే షాంపూలో ముంచండి. చక్రాలకు వేరే గుడ్డ. కిందపడిన గుడ్డ మళ్లీ కారుకి తగలకూడదు. పక్షి రెట్ట పడితే గోకకుండా తడిగుడ్డ పది నిమిషాలు వేసి ఉంచితే నానిపోతుంది.

బోరు నీళ్లు ఆరితే తెల్లమచ్చలు పడతాయి, వెంటనే తుడవండి. ఆర్.ఓ. ఫిల్టరు వదిలేసే నీళ్లు కారుకి పోస్తుంటారు చాలామంది. అందులో లవణాలు ఇంకా ఎక్కువ. దానికి బదులు ఏ.సి. నుంచి కారే నీళ్లు పట్టి, పలచటి గుడ్డలో వడకట్టి ఆఖరి తుడుపుకి వాడుకోండి. వాటిలో లవణాలు దాదాపుగా ఉండవు. నీళ్ల విలువ చెప్పక్కర్లేదు కదా! 2024 మార్చిలో బెంగుళూరులో తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు.

మా తమ్ముడు షెడ్డుకి తీసుకెళ్లి పాలిష్ పట్టించాడు. గీతలు చాలావరకు పోయాయి. "అక్కా, పాలిష్ అంటే ఆ పొరని ఇంకాస్త అరగదీయడమే. మళ్లీమళ్లీ చేయించుకునేది కాదు" అని మరీ మరీ చెప్పాడు.

ఆ రాత్రే మావారికి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. మర్నాడు ఇద్దరం కిందికి దిగి, వాచ్‌మన్ చేతిలో 500 పెట్టి, నలుగురూ వింటుండగానే "తప్పు నాదయ్యా" అన్నాను. "పోనీయండమ్మా" అన్నాడు గానీ, అతని మొహం చూస్తే తెలిసింది, ఆ మాట ఎన్ని నెలలుగా మోస్తున్నాడో. ఇప్పుడు షాంపూ కొలత పోసేది అతనే. నేను బకెట్ జోలికి వెళ్లడం లేదు!