ఓసాన్ ముఖం

మిజోగుచి 1954లో తీసిన ‘చికమత్సు మొనొగతారి’ చూసి మా మిత్రబృందం తీర్పు చెప్పేసింది: ఆడదాన్ని చావుకి మురిసేలా చూపించిన పితృస్వామ్య సినిమా అని. నాకు ఒళ్ళు మండింది. పాత కోడ్ ఏ మెషీన్ కోసం రాశారో కనుక్కోకుండానే తిట్టే కుర్ర ప్రోగ్రామర్లు గుర్తొచ్చారు.

కథ 17వ శతాబ్దపు క్యోటోది. పంచాంగాలు అచ్చువేసే ధనవంతుడి భార్య ఓసాన్, గుమాస్తా మోహెయి. ఏమీ జరక్కముందే ఇద్దరికీ రంకు అంటగడతారు. దానికి శిక్ష సిలువ. పనిపిల్ల వెంటపడే యజమానిని మాత్రం అదేమిటని అడిగేవాడు లేడు. ఈ తేడాని ఎత్తిచూపింది ఎవరండీ? మిజోగుచే కదా! బీవా సరస్సులో, పడవ మీద, కలిసి చావబోతూ మోహెయి తన ప్రేమ బయటపెడతాడు. అది విన్న ఓసాన్ ఇక చావనంటుంది, బతకాలని ఉందంటుంది.

భార్య వ్యభిచారాన్ని నేరంగా చూసే చట్టం జపాన్‌లో పోయింది 1947లో. సినిమా వచ్చింది ఆ తర్వాత ఏడేళ్ళకే. (వ్యభిచారం మీద మన 497వ సెక్షన్‌ని సుప్రీంకోర్టు కొట్టేసింది 2018లో. మనం కాస్త తగ్గి మాట్లాడితే మంచిది.)

చివర్లో ఇద్దర్నీ గుర్రం మీద వీపుకి వీపు కట్టి తీసుకెళ్తుంటారు. అమ్మగారి ముఖం ఇంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదని ఆ ఇంటి పనివాళ్ళే అనుకుంటారు. అది చావుకి పొగడ్తా, ఆ కాపురానికి తిట్టా?