వెనకవైపు సంతకం

పోయినేడు మా ఫెస్ట్ లెక్కలు మూసేరోజు ఒక సీనియర్ అన్న పదకొండు ఓచర్లు నా ముందు పెట్టి, "ఊరికే ఫార్మాలిటీరా, సంతకం పడెయ్" అన్నాడు. పడేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఏ ఓచరు దేనికో ఇప్పుడడిగితే చెప్పలేను.

ఆ వారం పుత్తూరు దగ్గర మా ఊరికి పోయినప్పుడు, నాకిచ్చిన 'అప్రూవల్ పవర్' గురించి నాయనకు గొప్పగా చెప్పినా. "సదివే పెట్నావా?" అన్నాడు. లేదన్నా. ఏమీ అనకుండా బీరువాలోంచి తీరిపోయిన ఒక పాత ప్రామిసరీ నోటు తెచ్చి, తిప్పి చూపించినాడు. బోరు వేయించడానికి చేసిన లక్ష అప్పు అది. ముందువైపు రెవెన్యూ స్టాంపు మీద సంతకం. వెనకాల రెండు వేలు చెల్లు, తేదీ, కింద మళ్లీ ఆయన సంతకమే.

"అప్పు రెండు వేలు తగ్గిందనుకున్న్యా. నోటుకు ఇంకో మూడేండ్లు ఆయుస్సు పోసినానని తెల్దు."

విషయం ఏమిటంటే, అడిగినప్పుడు ఇస్తానని రాసిన ఇలాంటి నోటుకు మామూలుగా మూడేళ్లలోపే దావా వెయ్యాలి. 1963 కాలపరిమితి చట్టం 19వ సెక్షన్ ప్రకారం, ఆ గడువులోపే కొంత కట్టి, కట్టినట్టు రాసి సంతకం చేస్తే, కట్టిన రోజు నుంచి లెక్క మళ్లీ మొదలు. ఇందులో మోసం లేదు, తెచ్చిన అప్పు తీర్చాల్సిందే. నా బాధల్లా, తను దేనికి ఒప్పుకున్నాడో నాయనకే తెలియకపోవడం.

'ఎండార్స్' అన్న మాట లాటిన్‌లో వీపు అనే అర్థమున్న పదం నుంచి పుట్టింది. కాగితం వీపు మీద రాయడం అన్నమాట. చెక్కు వెనక సంతకం చేసి ఇంకొకరి చేతికిస్తే హక్కు వాళ్లకు పోతుంది. బ్యాంకులో అది చెల్లకపోతే, నోటీసు వచ్చాక, మామూలుగా మనమూ జవాబుదారులమే.

మనం చేసేదీ ఇదే కదా? నో డ్యూస్ ఫారం, ఇంటర్న్‌షిప్ ఒప్పందం, ఎడ్యుకేషన్ లోన్ కాగితాలు... పెన్ను గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చేసుకుంటూ పోతాం. పెద్దవాళ్లు మనకంటే మేలనీ అనుకోవద్దు. సత్యం కంపెనీ పుస్తకాల్లో సుమారు 5,040 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు ఉత్తవేనని 2009 జనవరి 7న చైర్మనే లేఖ రాశాడు. ఆ లెక్కల కింద ఏటా ఆడిటర్ల సంతకాలున్నాయి. 2015లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు దోషులుగా తేల్చిన పదిమందిలో ఇద్దరు ఆడిటర్లే (తర్వాత అప్పీలుకు పోయారు).

నా అభిప్రాయం ఒకటే. వద్దనే హక్కు లేనివాడితో పెట్టించుకున్నది అప్రూవల్ కాదు, అడ్డు పెట్టుకోవడం. జూనియర్‌ని కోఆర్డినేటర్ చేసేది సంతకం కోసమే అయితే, బిల్లు అడిగే హక్కు కూడా వాడికివ్వాల. "నమ్మకం లేదా?" అని అడుగుతారు. నమ్మకం ఉంటే బిల్లు చూపించడానికి ఇబ్బందేముంది?

ఈ ఏడు తొమ్మిది ఓచర్లు వచ్చినాయి. ఏడింటికి బిల్లులు చూసి సంతకం పెట్టినా. రెండింటికి బిల్లుల్లేవు, అవింకా నా బ్యాగులోనే ఉన్నాయి. ఇచ్చినాయన వారంగా నాతో మాట్లాడ్డం లేదు.